ఆఫ్ఘనిస్థానపు వర్తకమార్గములు - పొరుగు గుమ్మము, పరదేశ సహాయము

సముద్రతీరము లేని వర్ధమానదేశములు ప్రపంచమున 32 కలవని ఐక్యరాజ్యసమితి లెక్క. వానిలో మహమ్మదీయ జనసంఖ్య అధికముగా గల నిరుపేద దేశములు ఆఫ్రికాలో మాలి, నైజరు, చాడ్, బుర్కినా ఫాసో; ఆసియాలో ఆఫ్ఘనిస్థానము. మిక్కిలి వెనుకబడిన దేశముల పట్టికను ఐక్యరాజ్యసమితి 1971లో మొట్టమొదట సిద్ధపరచినపుడు ఈ యైదును అందు చేరినవి. ఏబది యేండ్లు గడచినను వీనిలో నొక్కటియు ఆ పట్టికనుండి వెలుపలికి రాలేదు.

కొండలు, ఎడారులు, యుద్ధములు ఇందుకు కారణములని సామాన్యముగా చెప్పుదురు. అది నిజమే. కాని ఆఫ్ఘనిస్థాన చరిత్రను కొంత దగ్గరగా పరిశీలించినచో వేరొక కారణము కనబడును. కాబూలునుండి కరాచీ రేవునకు పదునైదువందల కిలోమీటర్లకు మించిన దూరము. దూరమున కోర్చుకొనవచ్చును, ఆ దేశపు సరకు ఓడనెక్కుటకు ముందు పరుల గుమ్మము దాటవలెను, ఆ గుమ్మపు తాళపుచెవి ఎన్నడును కాబూలులో లేదు. పరదేశములిచ్చిన ధనము గుమ్మముల సంఖ్యను పెంచినపుడు ఆ దేశమునకు నిలుకడగల మేలు కలిగెను. ఖజానాను మాత్రము నింపినపుడు కలిగిన మేలు ఆ ధనముతోనే పోయెను.

ఈ రెండవ రకపు సహాయము క్రొత్తది కాదు. అమీరు అబ్దుర్ రహమానునకు ఆంగ్లప్రభుత్వము 1883లో ఏటేట 12 లక్షల రూపాయల భత్యము నేర్పరచి, డ్యూరాండు సరిహద్దు ఒడంబడిక జరిగిన 1893లో దానిని 18 లక్షలకు పెంచెను. ప్రతిఫలముగా ఆ రాజ్యపు విదేశవ్యవహారములు ఆంగ్లేయుల చేతిలో నుండెను. ఆంగ్లేయులు చమను వరకు రైలుదారి వేసిరి. అమీరు దానిని తన నేలపై అడుగిడనీయలేదు. బండి వెంట సేన వచ్చునని ఆయన భయము. ఆ భయము నిరాధారము కాదు గాని, దాని మూలమున దేశము తరతరములు ఒంటెలపై, గాడిదలపై సరకు మోయవలసివచ్చెను. 1919 నాటి యుద్ధముతో స్వాతంత్ర్యము వచ్చెను, భత్యము పోయెను. 1921 నాటి సంధివలన భారతదేశముగుండ సరకు తెచ్చుకొను వీలు కలిగెను.

1930 తరువాత అబ్దుల్ మజీద్ జాబులీ అను వర్తకుడు జాతీయ బ్యాంకును నెలకొల్పి, కారకుల్ గొఱ్ఱెపిల్లల చర్మముల వ్యాపారమును వృద్ధిచేసెను. ఈ చర్మములు లండను, న్యూయార్కు విపణులలో మంచి ధర పలుకుచుండెను. బరువు తక్కువ, వెల యెక్కువ. సముద్రము లేని దేశమున కంతకంటె తగిన సరకు వేరొకటి యుండునా? ఆ విధముగా కూడిన సొంత డాలరులతోనే 1946లో హెల్మండు లోయలో కాలువలు, ఆనకట్టలు కట్టుటకు మారిసన్ క్నూడ్సన్ అను అమెరికను సంస్థతో ఒడంబడిక జరిగెను. కూడబెట్టిన సొమ్ము త్వరలోనే అయిపోయెను. 1949లో అమెరికా ఎగుమతి దిగుమతి బ్యాంకునుండి 2 కోట్ల 10 లక్షల డాలరుల అప్పు తేవలసివచ్చెను. 1953లో కజాకీ ఆనకట్ట పూర్తియైనది. నీరు పారినది, కాని మురుగునీరు పోవుదారి సరిగా లేక పెక్కు పొలములు చవుడుపట్టెను.

ఇంతలో దక్షిణపు గుమ్మము వివాదాస్పదమయ్యెను. 1947లో పాకిస్థాను ఐక్యరాజ్యసమితిలో చేరుటకు ఆఫ్ఘనిస్థానమొక్కటియే వ్యతిరేకముగా ఓటిచ్చెను. డ్యూరాండు రేఖకావలి పఠానుల రాజ్యమును గూర్చిన తగవు దీనికి మూలము. 1950లో పాకిస్థానుమీదుగా రావలసిన పెట్రోలు ఆగిపోగా, ఆ యేడే సోవియట్ దేశముతో వస్తువినిమయపు ఒడంబడిక కుదిరినది. 1955లో దక్షిణపు సరిహద్దు కొన్ని నెలలు మూతపడెను. ఆ డిసెంబరులో క్రుశ్చేవ్, బుల్గానిన్ కాబూలుకు వచ్చి 10 కోట్ల డాలరుల ఋణము ప్రకటించిరి. అంతకుముందే సోవియట్ వారు ధాన్యపు గిడ్డంగులు, రొట్టెల కర్మాగారము కట్టుటకు పూనుకొని, అమెరికావారు కాదన్న కాబూలు వీథుల చదునుపనిని తాము చేసిపెట్టిరి. దూరమున ఎడారిలోనున్న కాలువ కంటె ఇంటిముందరి వీథి ప్రజలకు కనబడునని వారెరుగుదురు.

ఆ పోటీనుండియే ఆ దేశపు పెద్దబాటలన్నియు పుట్టినవి. కాబూలు-కాందహారు బాటను అమెరికావారు, కాందహారు-హేరాతు బాటను సోవియట్ వారు వేసిరి. హిందూకుష్ పర్వతములలో సుమారు 3,400 మీటర్ల యెత్తున రెండున్నర కిలోమీటర్లకు పైగా తొలిచిన సలాంగ్ సొరంగము 1964లో తెరవబడినది. దానితో ఉత్తరపు గుమ్మము ఏడాది పొడుగున పనిచేయుటకు వీలయ్యెను. కాందహారులో అమెరికా సహాయముతో కట్టిన పెద్ద విమానాశ్రయము పూర్తియగునాటికి, ఇంధనమునకై దిగనక్కరలేని జెట్ విమానములు వచ్చి దానిపైనుండి పోసాగెను.

ఇందులో 1961 నాటి కథ విశేషముగా చెప్పదగినది. ఆ ఆగస్టులో పాకిస్థాను తన నేలపైనున్న ఆఫ్ఘను కాన్సులేటు కార్యాలయములను, వర్తక కార్యాలయములను మూయించెను. సరకు పోవచ్చును, కార్యాలయములు మాత్రము ఉండరాదని దాని వాదము. ప్రధాని దావూద్ ఖాను సెప్టెంబరు 6వ తేదీన సంబంధములు తెంచుకొని, సరిహద్దును తానే మూసివేసెను. అది ద్రాక్ష, దానిమ్మ పండ్లు కోతకు వచ్చిన కాలము. ఆ పండ్లకు పెషావరు, లాహోరు, ఢిల్లీ నగరములే అంగడులు. వారము ఆలస్యమైనచో బుట్టలోనే మురుగును. సోవియట్ దేశము పండ్లు కొని విమానములలో తరలించుకొనిపోయెను. అరియానా విమానములు కొంత పంటను ఢిల్లీకి చేర్చెను. అమెరికా పంపిన సహాయసామగ్రియు పాకిస్థానులో నిలిచిపోయెను. కెన్నెడీ పంపిన మధ్యవర్తి వట్టిచేతులతో మరలిపోయెను. 1962 తొలినెలలలో కొలదివారములు మాత్రము సహాయసామగ్రికై ద్వారము తెరచిరి. సుంకములే రాబడిలో పెద్దభాగమైన ఖజానా రెండేండ్లలో ఎండిపోయెను. 1963 మార్చిలో దావూద్ పదవి విడిచెను. మే నెలలో ఇరాను షా మధ్యవర్తిత్వమున టెహరానులో రాజీ కుదిరెను. పొరుగువాని కాఠిన్యమెంత ఉన్నను, తన గుమ్మమును తానే మూసికొన్న అవివేకము దావూద్ దేయని చెప్పక తప్పదు.

ఆ తరువాతనే చట్టము బలపడినది. 1965 మార్చిలో పాకిస్థానుతో రవాణా ఒడంబడికయు, జూలైలో న్యూయార్కునందు సముద్రము లేని దేశముల రవాణా హక్కులను గూర్చిన అంతర్జాతీయ ఒప్పందమును సిద్ధమైనవి. 1982 నాటి సముద్రచట్టమును ఆ హక్కును అంగీకరించినది. కాని దానిని అమలుపరచు షరతులను దారి యిచ్చు దేశముతో మాటలాడి కుదుర్చుకొనవలెనన్నది. హక్కు కాగితముపైనున్నను తాళపుచెవి పొరుగువానియొద్దనే నిలిచెను.

ఉత్తరపు ద్వారమునకును వెల యుండెను. షిబర్గాన్ సహజవాయువు 1960 దశకపు చివరనుండి గొట్టములగుండ సోవియట్ దేశమునకు పోవుచుండెను. గొట్టమొక్కటే, కొనువాడొక్కడే, కొలతయంత్రములు సైతము కొనువాని సరిహద్దులోనే యుండెను. ధర యెవరు నిర్ణయించిరో వేరుగ చెప్పనక్కరలేదు. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు సలాంగ్ బాటనే దిగివచ్చెను. నూరేండ్ల క్రిందటి అమీరు భయము అప్పుడు నిజమయ్యెను.

2001 తరువాతి సహాయము పరిమాణమున మునుపెన్నడును లేనిది. 2002 జనవరిలో టోకియో సభ సుమారు 450 కోట్ల డాలరులను, 2012లో అక్కడనే జరిగిన సభ నాలుగేండ్లకు 1,600 కోట్ల డాలరులను వాగ్దానము చేసెను. బడులు, వైద్యశాలలు వెలసినవి, బాలికలు చదివిరి. కాని ప్రభుత్వవ్యయములో రమారమి ముప్పాతికవంతు పరదేశపు దానముపై నడుచుచుండెను.

గుమ్మములు పెంచిన పనులును ఈ కాలముననే జరిగినవి. ఆసియా అభివృద్ధి బ్యాంకు సహాయమున హైరతాను-మజారె షరీఫు నడుమ 75 కిలోమీటర్ల రైలుదారి పడినది. భారత సరిహద్దు రహదారుల సంస్థ జరంజ్-దెలారామ్ నడుమ 218 కిలోమీటర్ల బాట వేసి 2009లో అప్పగించెను. దానివలన ఇరానులోని చాబహార్ రేవునకు దారి యేర్పడినది. 2010 నాటి ఒడంబడిక ప్రకారము ఆఫ్ఘను సరకు వాఘా వరకు రావచ్చును గాని, ఆ లారీలు భారతదేశపు సరకు నెక్కించుకొనక ఖాళీగా మరలవలెను. అందువలననే 2017 జూనులో కాబూలు-ఢిల్లీ విమానమార్గము తెరచిరి. మొదటి విమానములో వచ్చిన 60 టన్నుల సరకులో ముఖ్యమైనది ఇంగువ. తెలుగువారి పులిహోరకు, చారునకు వాసనగూర్చు ఆ ద్రవ్యము కూడ కారకుల్ చర్మమువలె తేలికైనది, వెలగలది. విమానపు కిరాయి మోయగలది. గోధుమ మోయలేదు. ఆ యేటి అక్టోబరులో కాండ్లానుండి గోధుమల ఓడ చాబహార్‌కు బయలుదేరెను. 2019 ఫిబ్రవరిలో ఆఫ్ఘను సరకు అదే దారిని భారతదేశమునకు రాసాగెను.

2021 ఆగస్టులో తాలిబానులు కాబూలు నాక్రమించగా సహాయమాగిపోయెను. విదేశములలోనున్న సుమారు 900 కోట్ల డాలరుల నిలువలు స్తంభింపజేయబడినవి. అందులో 700 కోట్లు అమెరికాలోనివి. ఆ సంవత్సరము దేశోత్పత్తి ఐదవవంతు తగ్గెనని ప్రపంచ బ్యాంకు అంచనా. 350 కోట్లను 2022లో స్విట్జర్లాండునందు ఒక నిధిగా నేర్పరచిరి. ఇందులో శిక్ష ఏలికలకంటె ఎక్కువగా జీతము రాని గురువునకును, మందు దొరకని రోగికిని తగిలెను. బాలికల ఉన్నతవిద్యను నిషేధించిన పాలకుల దోషమును దీనితో మాపరాదు.

బాటలు మాత్రము మిగిలినవి. 2025 అక్టోబరులో సరిహద్దు కాల్పుల వెనుక తోర్ఖం, చమను ద్వారములు మూతపడెను; ద్రాక్ష, దానిమ్మ లారీలు వేలకొలది నిలిచిపోయెను. అంతకుముందు నెలలోనే అమెరికా చాబహార్ రేవునకు 2018లో ఇచ్చిన ఆంక్షల మినహాయింపును ఉపసంహరించి, పిమ్మట కొలదినెలలకు మరల పొడిగించెను. నవంబరులో ఉపప్రధాని అబ్దుల్ ఘనీ బరాదర్ పాకిస్థాను దారి విడిచి ఇతరమార్గములు వెదకుకొనుడని వర్తకులను కోరి, ఆ దేశపు ఔషధముల లెక్కలు తీర్చుకొనుటకు మూడు నెలల గడువిచ్చెను. అదే నెలలో ఆయన ప్రభుత్వపు వర్తకమంత్రి ఢిల్లీకి వచ్చెను. కాబూలునుండి ఢిల్లీకిని, అమృతసరమునకును విమానములలో సరకు పంపు విషయము అప్పుడు మరల చర్చకు వచ్చినది.