ఇసుకలో దిద్దిన అక్షరాలు

పోయిన నెలలో మా చిన్నదాని స్కూల్ డైరీలో టీచర్ ఎర్ర సిరాతో ఒక మాట రాసి పంపారు. రాత బాగా వెనకబడి ఉంది, ఇంట్లో రోజూ రెండు పేజీలు రాయించండి అని. దానికి నాలుగేళ్లు నిండి మూడు నెలలే అయింది. పెన్సిల్ పట్టుకుంటే ముని వేళ్లు తెల్లబడిపోతాయి. నాలుగు గీతల కాపీ పుస్తకంలో గీత దాటకుండా రాయమంటే ఎలా రాస్తుంది? అయినా ఆ ఎర్ర సిరా చూసి నేనూ భయపడ్డాను. రోజూ సాయంత్రం మా ఇంట్లో ఏడుపే. ఒకరోజు చేయి కూడా చేసుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

అప్పుడే మా అత్తయ్య అనంతపురం నుంచి వచ్చారు. రెండు రోజులు ఏమీ అనకుండా చూశారు. మూడో రోజు వంటింట్లోంచి స్టీలు పళ్లెం తెచ్చి, అందులో గుప్పెడు బొంబాయి రవ్వ పరిచి, మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఇంత లేత వేళ్లకు అప్పుడే పెన్సిల్ ఏంటికమ్మా? ముందు వేలితో రాయనీ" అన్నారు. చిన్నది 'అ' రాసింది. వంకర పోయింది. పళ్లెం ఒకసారి కదిపితే తప్పు మాయమైపోయింది. అది పకపకా నవ్వి మళ్లీ రాసింది. ఆ రోజు ఎన్నిసార్లు రాసిందో నేను లెక్కపెట్టలేదు.

ఇదెక్కడ నేర్చుకున్నారు అత్తయ్యా అని అడిగాను. "మా అమ్మ పొయ్యికాడ బూడిద పరిచి నాతో ఇట్లే రాపిచ్చేది. ఆమెకు బడి యాడిది? వాళ్లన్న అరుగు మీద దిద్దుకుంటా ఉంటే పక్కన నిలబడి నేర్చుకునిందంట" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. మన పిల్లలకు అసలు అక్షరాలు ఎలా నేర్పేవారో తెలుసుకుందామని పాత సంగతులు వెతుక్కుంటూ పోయాను. చిత్రం ఏమిటంటే, దొరికిన మంచి వివరాల్లో ఒకటి సరిగ్గా మా అత్తయ్య వాళ్ల ప్రాంతానిదే.

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో తన రాజధానిలోని జిల్లాలన్నిటికీ ఒక ఉత్తరువు పంపాడు. మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారు, లెక్క పంపండి అని. బళ్లారి కలెక్టరు ఎ.డి.క్యాంబెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది. క్యాంబెల్ అంతకుముందే తెలుగు వ్యాకరణం ఒకటి రాసినవాడు. అందుకే కాబోలు, లెక్కలతో ఊరుకోకుండా బడిలో పొద్దున్నుంచీ ఏం జరిగేదో కూడా రాసి పెట్టాడు.

పిల్లవాడికి అయిదేళ్లు రాగానే అయ్యవారినీ, బడి పిల్లలనూ ఇంటికి పిలిచేవారట. వినాయకుడి బొమ్మ చుట్టూ అందరూ కూర్చునేవారు. అయ్యవారు పిల్లవాడి చేయి పట్టుకుని బియ్యంలో వేలితో దేవుడి పేరు రాయించేవాడు. మనం ఇప్పటికీ చేసే అక్షరాభ్యాసమే. బాసరకు వెళ్లినా, ఇంట్లో చేసుకున్నా, బియ్యంలో రాయించే ఆ తంతు మనకు మిగిలింది. అయితే మనకు అది ఒక్క పూట వేడుక. ఫోటోలు దిగి, ఆ బియ్యం తీసేసి, మర్నాడు పెన్సిల్ ఇచ్చేస్తాం. వాళ్లకు మాత్రం మర్నాడు అసలు చదువు మొదలయ్యేది, అదీ వేలితోనే.

నేల మీద ఇసుక పరిచి, అందులో వేలితో అక్షరాలు దిద్దించేవారు. ముందు నోటితో వల్లె వేయించి తర్వాత రాయించడం కాదు, రాస్తూనే అక్షరం నేర్చుకోవడం. ఇక్కడి పద్ధతికీ, తమ దేశపు పద్ధతికీ తేడా అదేనని క్యాంబెల్ ప్రత్యేకంగా రాశాడు. ఇసుకలో చేయి బాగా తిరిగాకే పలక. ఆ పలక చెక్కది, దాదాపు మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు. అన్నం, బొగ్గుపొడి కలిపి పూస్తే రాయడానికి సిద్ధం. గంజి పెట్టి మడతలు వేసిన గుడ్డకు బొగ్గు, జిగురు పూసిన కడితం ఇంకొకటి. రెండిటి మీదా తడిగుడ్డతో తుడిస్తే రాత పోయేది. దేనితో రాసేవారో చెప్పడానికి క్యాంబెల్ తనకు వినబడినట్టు 'బుల్తప' అని రాసుకున్నాడు. అది మన బలపమే! రెండు వందల ఏళ్ల కిందటి సర్కారు కాగితంలో బలపం కనిపించేసరికి, సున్నపు వాసనతో సహా నా ఒకటో తరగతి గుర్తొచ్చింది.

అక్షరాలు వచ్చాక గుణింతాలు, ఆ తర్వాత మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు. చూడండి, పిల్లవాడికి తెలిసిన మాటలే ముందు. ఇంకో ముఖ్యమైన సంగతి, ముందు నేర్చుకున్న పిల్లలు వెనకవాళ్లకు నేర్పేవారు. చిన్నవాడికి చదువు వచ్చేది, పెద్దవాడికి తన చదువు గట్టిపడేది. ఈ పద్ధతి మెచ్చుకోదగ్గది, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబే అని క్యాంబెల్ రాశాడు.

ఇంగ్లండు అనుకరించడం ఏమిటంటే, అదో కథ. 1789లో మద్రాసులో సైనికుల అనాథ మగపిల్లల ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు పెద్దగా వచ్చాడు. ఒకరోజు దారిలో ఒక వీధిబడి కనిపించింది. పిల్లలు నేల మీద కూర్చుని ఇసుకలో వేలితో రాస్తున్నారు. ఇదేదో బాగుందే అని తన బడిలో మొదలుపెట్టమన్నాడు. కింద పనిచేసే ఉపాధ్యాయులకు నచ్చలేదు. చివరికి ఎనిమిదేళ్ల కుర్రాడొకడిని పిలిచి, చిన్న తరగతికి నువ్వే ఇసుకలో అక్షరాలు నేర్పు అన్నాడు. వాడు నేర్పేశాడు. బెల్ తిరిగి వెళ్లి 1797లో దీని గురించి పుస్తకం వేశాడు. తర్వాత ఇంగ్లండులో బీదపిల్లల బడుల్లో ఇసుక పళ్లేలు వచ్చాయి. దానికి 'మద్రాసు పద్ధతి' అనే పేరు వచ్చింది. మన అరుగుల మీది చదువు ఓడెక్కి అంత దూరం పోయిందన్నమాట.

ఇక్కడిదాకా చదివి, పాతకాలమే బంగారం అనుకునేరు. నేనూ ఒక పూట అలాగే అనుకున్నాను. మిగతా పేజీలు చదివాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఆ బడిలో పొద్దున మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్న, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. అలా ఒక్కొక్కటే పెరుగుతూ పోయేది. చదవనివాడిని రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీసేవారు. మన పెద్దలు కోదండం అనేవారే, అదే. పైగా పిల్లలు వల్లె వేసే పద్యాలు మాట్లాడే భాషలో ఉండేవి కావు. అర్థం తెలియకుండా చిలకల్లా అప్పజెబుతారని క్యాంబెల్ రాశాడు. చాలామంది అయ్యవార్లకే అర్థం తెలియదట.

అసలు బడికి వచ్చినవాళ్లెందరు? జిల్లా జనాభా 9,27,857. బడులు 533. పిల్లలు 6,641 మంది. అంటే వెయ్యిమందికి ఏడుగురు. ఎందుకింత తక్కువ అంటే, జనం బీదవాళ్లైపోయారు అని ఆ కలెక్టరే ఒప్పుకున్నాడు. విదేశీ సరుకు వచ్చిపడి చేతిపనులవాళ్ల బతుకు చితికిపోయింది, పిల్లల లేత చేతులు కూడా పనికి కావలసి వచ్చాయి అని. చాలాచోట్ల అంటరానివారని ఊరి బయట ఉంచిన కులాల పిల్లలకు ఆ అరుగు మీద చోటే లేదు.

ఇక ఆడపిల్లలు. ఆ 6,641 మందిలో అరవైమంది. అక్షరాలా అరవై. మద్రాసు రాజధాని మొత్తం మీద 1,88,650 మంది చదువుతుంటే ఆడపిల్లలు 4,540 మంది. ఆడవాళ్లకు చదువు వస్తే మర్యాద కాదని, అది నాట్యం చేసేవాళ్లకే తగినదని ఇక్కడివారు అనుకుంటారని 1826లో మన్రో రాశాడు. ఆ అంకెల దగ్గర ఆగిపోయాను. అరుగు పక్కన నిలబడి అన్న రాత చూసిన మా అత్తయ్య వాళ్లమ్మ ఆ లెక్కకు నూరేళ్ల తర్వాతి మనిషి. అప్పటికీ అరుగు మీద ఆమెకు చోటు దొరకలేదు.

ఈ మధ్యలో ఏమీ జరగలేదని కాదు. 1874లో వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. సరిగ్గా ఆ ఏడే పుట్టిన భండారు అచ్చమాంబ మాత్రం బడి ముఖం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె ఇంట్లో ఉండి చదువుకుంటూ ఉంటే, అతని దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఆ చదువుతోనే దేశంలోని గొప్ప స్త్రీల చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. అచ్చమాంబకు తమ్ముడు, మా అత్తయ్య వాళ్లమ్మకు అన్న. మనలో ఎందరి ఇళ్లలో ఆడవాళ్ల చదువు ఇలా పక్కనుంచి వచ్చిందో కదా!

అర్థంకాని భాష సంగతి గిడుగు రామమూర్తి గారు పట్టుకున్నారు. ఆయన వాడుకభాష కోసం పోరాడారని మనకు తెలుసు, ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉండగా ఆయన పక్క కొండల్లోని సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేసిన సంగతి మాత్రం నాకు ఇప్పుడే తెలిసింది. పిల్ల నోట్లో ఉన్న మాటే పిల్ల చేతిలోకి రావాలి అన్నదే ఆయన పట్టుదల.

1939లో ఇటలీకి చెందిన మరియా మాంటిస్సోరి మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం వల్ల ఏళ్లతరబడి ఇక్కడే ఉండిపోయారు. ఆమె పద్ధతిలో ముఖ్యమైనది గరుకు కాగితంతో చేసిన అక్షరాలు. పిల్ల వాటి మీద వేలు నడుపుతూ, ఆ శబ్దం పలుకుతుంది. పెన్సిల్ తర్వాత. బెల్ చూసిన మద్రాసు ఇసుక నుంచి నూటయాభై ఏళ్లకు, వేలితో దిద్దే అక్షరం మళ్లీ మద్రాసుకే వచ్చింది. కానీ ఈ పిల్లల పక్కన కోదండం లేదు, ఆడపిల్లలను బయట నిలబెట్టే అరుగూ లేదు. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీలతో పప్పుతో పాటు ఆటపాటలు కూడా బీదఇంటి గడపదాకా వచ్చాయి.

ఇదంతా చదివాక మా చిన్నదాని టీచర్‌ను కలిశాను. పాపం, ఆవిడ మీద కోపం పోయింది. క్లాసులో నలభైమంది. పుస్తకం నిండకపోతే తల్లిదండ్రులే వచ్చి అడుగుతారట, ఫీజు కట్టాం, ఏం నేర్పారు అని. ఇసుకలో రాసింది చెరిగిపోతుంది, చూపించడానికి ఏమీ మిగలదు. పుస్తకంలో రాసింది మిగులుతుంది. రెండు పేజీలు ఎందుకో అప్పుడు అర్థమైంది. అవి పిల్ల కోసం కాదు, మన కోసం.

ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రం రవ్వ పళ్లెం వస్తుంది. రోజుకు రెండే అక్షరాలు, అవీ దానికి తెలిసిన మాటల్లోవి. అమ్మలో 'అ', అవ్వలో 'అ'. నేను వంటపనిలో ఉంటే నాలుగో తరగతి చదివే మా వాడు పంతులు. వాడికి వత్తులు ఎప్పుడూ తప్పే. చెల్లికి చెప్పాలంటే ముందు తను సరిగ్గా రాయాలి కదా, ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే పుస్తకం తీసి చూసుకుంటున్నాడు. క్యాంబెల్ రాసింది నిజమే. రాత్రి పడుకునే ముందు ఒక కథ చదివి వినిపిస్తాను, వేలు అక్షరాల కింద నడుపుతూ.

రెండు పేజీలు మాత్రం ఇంకా పూర్తి కావడం లేదు. డైరీలో మళ్లీ ఎర్ర సిరా పడితే పడనీ.

అత్తయ్య మొన్న ఊరికి వెళ్లిపోయారు. వెళ్లేముందు వాళ్లమ్మ పేరు అడిగి రాసిపెట్టుకున్నాను. పెళ్లయి పదకొండేళ్లయినా ఆ పేరు నేను ఎప్పుడూ అడగలేదు. మీరూ మీ ఇంట్లో పెద్దావిడను ఒకసారి అడగండి, ఓనమాలు ఎక్కడ దిద్దావని. బడిలోనా, బూడిదలోనా, అన్న పక్కన నిలబడా అని. ఆ చదువులు ఏ కలెక్టరు లెక్కలోనూ లేవు.