నత్త మీద ఉప్పు, ఉప్పు మీద పన్ను

తొలకరి పడిందంటే శ్రీకాకుళం, విజయనగరం పెరళ్లలో దొంగలు పడ్డట్టే. రాత్రి రెండాకులతో నిలబడ్డ బీరమొక్క తెల్లారేసరికి మోడై ఉంటుంది. బంతినారు సగానికి సగం మాయం. అరుగు మీదా, కుండీ అంచు మీదా ఎండిన జిగురు చార తళతళలాడుతుంటుంది. ఆ చార పట్టుకుని వెళ్లి కుండీ పైకెత్తితే అడుగున తడిమట్టిని కరుచుకుని ఉంటుంది, గుల్ల లేని నత్త. ముదురు బూడిదరంగు ఒళ్లు, నడివీపున సన్నటి లేతగీత, బాగా సాగితే వేలంత పొడవు. మిద్దెతోటలు పెంచేవాళ్లు స్లగ్ అంటున్నారు. పల్లెల్లో దీన్నీ నత్తనే అంటారు. జలగ అనుకుని కాలు వెనక్కి తీసుకునేవాళ్లూ ఉన్నారు.

దాన్ని చూడగానే ఎవరికైనా వంటింట్లో గల్లుప్పు డబ్బా గుర్తొస్తుంది. గుప్పెడు తెచ్చి చల్లితే చాలు, నురగ కక్కుకుంటూ ముడుచుకుపోతుంది. దాని తోలుకు నీటిని ఆపే పొర లేదు. ఉప్పు ఒంట్లోని నీరంతా బయటికి లాగేస్తుంది. అయితే నత్త మీద ఉప్పు ఇలా గుప్పెళ్లతో చల్లడం ఒకప్పుడు ఈ తీరంలో చిన్న ఖర్చు కాదు. ఉప్పు పండే చోటే ఉప్పు ప్రియం కావడం మన చరిత్రలో ఒక విడ్డూరం.

టెక్కలికి దగ్గర్లో, సంతబొమ్మాళి మండలంలో నౌపడ ఉంది. సముద్రపు పోటునీరు లోపలికి వచ్చే చిత్తడి, దాని చుట్టూ ఉప్పుమళ్లు. నౌపడ ఉప్పంటే ఒకప్పుడు గంజాం నుంచి ఏజెన్సీ దాకా పేరు. కొండల మీద ఉప్పు పుట్టదు కాబట్టి తీరం నుంచి ఎద్దుల మీద బస్తాలు వేసుకుని బంజారాలు సాలూరు ఘాటీ ఎక్కి జయపురం వైపు వెళ్లేవారు. తిరిగొచ్చేటప్పుడు అటవీ సరుకులూ ధాన్యమూ తెచ్చేవారు. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో మొదలైంది కూడా నౌపడ నుంచే.

ఇంత ఉప్పున్న చోట సామాన్యుడి చేతికి మాత్రం అది తేలిగ్గా దొరకలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ 1805లోనే ఉప్పును తన గుత్తాధికారం కిందికి తెచ్చుకుంది. 1888లో మణుగుకు పన్ను రెండున్నర రూపాయలు చేశారు. ఈ మణుగు అంటే సర్కారు లెక్కలో సుమారు 37 కిలోలు. 1903 నుంచి మెల్లగా తగ్గిస్తూ వచ్చి, 1907 నాటికి రూపాయికి దించారు. 1916లో రూపాయి పావలాకు పెంచి, 1923లో శాసనసభ వద్దన్నా వైస్రాయి రీడింగ్ తన అధికారంతో మళ్లీ రెండున్నర చేశాడు. గగ్గోలు పుడితే మరుసటేడు తగ్గింది. పన్ను ఒక ఎత్తయితే, నిఘా ఇంకో ఎత్తు. చవిటి నేల మీద తెల్లగా పూసిన ఉప్పుమట్టిని గీకి ఇంట్లో వండుకున్నా నేరమే. 1930లో గాంధీజీ దండిలో గుప్పెడు ఉప్పు ఎత్తినప్పుడు ఆంధ్ర తీరంలోనూ జనం సముద్రపు నీళ్లు కాచి ఉప్పు వండి లాఠీదెబ్బలు తిన్నారు. ఆ పన్ను పూర్తిగా పోయింది 1947లో. అప్పటిదాకా కూరలోకి కొలిచి వేసే ఉప్పును నత్త మీద పోసేంత చెయ్యి ఎవరికుంటుంది?

అందుకే, నన్నడిగితే, పెరటి నత్తకు ఇక్కడి పాత మందు ఉప్పు కాదు, పొయ్యిలో బూడిద. అది పైసా ఖర్చు లేనిది, ప్రతి ఇంట్లో రోజూ పుట్టేది. ఆనపపాదు చుట్టూ బెత్తెడు వెడల్పున బూడిద పోస్తే నత్త దాటలేదు. జిగురంతా బూడిద పీల్చేసుకుంటుంది, పాకే దారి ఎండిపోతుంది. చిక్కల్లా వాన. ఒక్క జల్లు పడితే బూడిద ముద్దైపోతుంది, నత్తలు తిరిగేది కూడా సరిగ్గా ఆ రాత్రే. గ్యాసు పొయ్యిలు వచ్చాక బూడిదకీ కరువొచ్చింది.

రెండోది సున్నం. ఇందులో తమాషా ఉంది. సిమెంటు, డిస్టెంపర్ రాకముందు గోడలకు కొట్టిన గుల్లసున్నం నత్తగుల్లల్నీ ఆల్చిప్పల్నీ బట్టీలో కాల్చి తీసిందే. తాంబూలంలోకి రాసుకున్నదీ అదే. అంటే చచ్చిన నత్త గుల్ల కాల్చి, ఆ పొడితో బతికున్న నత్తను తరిమేవారన్నమాట. తాజా సున్నం ఘాటుకు గుల్ల లేని నత్త ఒళ్లు మండి వెనక్కి తిరుగుతుంది. కానీ గుల్ల ఉన్న పెద్ద ఆఫ్రికా నత్త సంగతి వేరు. దాని గుల్ల పెరగడానికి సున్నమే కావాలి. గోడకు కొట్టిన సున్నం గాలి తగిలి ఘాటు చచ్చి, మెత్తటి సుద్దలా మారాక, అది రాత్రివేళ గోడెక్కి నాలుకతో గీకి తింటుంది. ఆ నాలుక నిండా ఆకురాయి లాగా సన్నటి పళ్ల వరుసలు. వెల్లవేసిన గోడ మీద పొద్దున్నే మెలికలు మెలికలుగా గీతలు కనిపిస్తే పిల్లల పని అని తిట్టేముందు టార్చిలైటుతో ఒక రాత్రి కాపు కాసి చూడండి.

ఈ ఆఫ్రికా నత్త మనదేశానికి వచ్చిన కథ ఒక సరదారాయుడి కథ. విలియం హెన్రీ బెన్సన్ బెంగాల్ సివిల్ సర్వీసు ఉద్యోగి, గుల్లలు సేకరించే పిచ్చి ఉన్నవాడు. మారిషస్ నుంచి బతికున్న నత్తల్ని కలకత్తా తెచ్చుకున్నాడు. దేశం విడిచి వెళ్తూ తెలిసినాయనకు ఇచ్చాడు. ఆ పెద్దమనిషి 1847లో వాటిని చౌరంగీలో ఒక తోటలో వదిలేశాడు. అంతే. తూర్పు ఆఫ్రికాలో పుట్టిన జీవి మొక్కల కుండీల మట్టిలోనూ, సరుకుల బుట్టల్లోనూ కూర్చుని ఊళ్లకు ఊళ్లు తిరిగింది. ప్రతి నత్తా ఆడా మగా రెండూ కాబట్టి గుంపును పెంచడం దానికి కష్టం కాదు. ఒక్క విడతలోనే వందకు పైగా గుడ్లు పెట్టగలదు. చెరువుల్లో, వరిమళ్లలో దొరికే మన నత్తకూ దీనికీ చుట్టరికం దూరం. మన నత్త నీళ్లది, తలుపు వేసుకున్నట్టు గుల్ల మూతికి బిళ్ల ఉంటుంది, కూర వండుకునేవాళ్లు వండుకుంటారు. ఆఫ్రికా నత్తకు ఆ బిళ్ల లేదు. ఒకటనుకుని రెండోది కుండకెక్కించొద్దు. పెరట్లోని ఆ బూడిదరంగు గుల్లలేని నత్త కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందే, లావికాలిస్ ఆల్టె దాని శాస్త్రీయ నామం.

చెరువు నత్తకు మాత్రం ఇక్కడ మొనగాడైన వేటగాడు ఉన్నాడు. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో ఏటా వానల ముందు ఓపెన్‌బిల్ కొంగలు దిగి, ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. ఊళ్లోవాళ్లు వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. సైబీరియా అతిథులని పత్రికల్లో ఏటా రాస్తుంటారు గానీ, ఇవి దక్షిణాసియా పక్షులే. వానల్నీ నీళ్లనీ వెతుక్కుంటూ దేశంలోనే తిరుగుతాయి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉండిపోవడం వీటి గుర్తు. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగాక వస్తుంది. ఆ సందు ఎందుకన్నదాని మీద 1960లో జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ చర్చించాడు. పదేళ్ల తర్వాత ఫిలిప్ కాల్ అనే పరిశోధకుడు దగ్గరుండి చూసి, కింది ముక్కు కొనను గుల్లలోకి దూర్చి కండరం కోసి నత్తను లాగేస్తుందని తేల్చాడు. గుల్ల పగలనక్కర్లేదు. అయితే కొంగలు పొలాలకూ చెరువులకూ వస్తాయి గానీ అర్ధరాత్రి మన బచ్చలిమడికి రావు. పెరటికైతే బాతులు నయం, నత్తల్ని ఏరుకు తింటాయి. లేతమొక్కల్ని కూడా తొక్కేస్తాయనుకోండి.

ఇక బజారు మందు. మెటాల్డిహైడ్ అన్నది మొదట నత్తల కోసం పుట్టలేదు. యూరప్‌లో షికార్లకు వెళ్లేవాళ్లు చిన్న స్టవ్‌లు వెలిగించుకునే బిళ్లలు అవి. పారేసిన బిళ్లల చుట్టూ నత్తలు చచ్చి పడివుండటం చూసి, 1930ల్లో దాన్ని మందుగా మార్చారు. మన దగ్గర రెండున్నర శాతం గుళికలుగా అమ్ముతారు. బాగానే పనిచేస్తుంది, నత్తల మీదే కాదు, వాసన చూసి తిన్న కుక్కల మీద కూడా. బ్రిటన్ 2022లో ఆరుబయట దాని వాడకాన్ని ఆపేసింది. కోళ్లూ కుక్కపిల్లలూ తిరిగే పెరట్లో దాన్ని చల్లడం నాకు బొత్తిగా నచ్చని పని.

పులిసిన వాసనకు నత్తలు పరిగెత్తుకొస్తాయన్నది మాత్రం ఖాయం. పాశ్చాత్యులు గిన్నెలో బీరు పోసి నేలలో పాతడం అందుకే. 2021లో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు, వాళ్ల సహచరులు పులిసిన రొట్టెపిండి అంతకన్నా చవగ్గా, గట్టిగా పనిచేస్తుందని చూపించారు. తరవాణి కుండ ఇంకా ఉన్న ఇళ్లవాళ్లకు ఈ కబురు కొత్తగా ఏమీ అనిపించదు. అడుగు గంజి ఒక చిప్పలో పోసి పాదు పక్కన పెట్టి చూడొచ్చు, పోయేదేముంది.

మొక్క మొదట్లో మాత్రం ఉప్పు వేయొద్దు. నత్త చస్తుంది, ఉప్పు మట్టిలో ఉండిపోతుంది. చవిటి నేలలో ఏమీ మొలవదని నౌపడ చుట్టుపక్కల రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉప్పు బకెట్టు నీళ్లలో కలపండి. సాయంత్రం తడిపిన గోనెసంచి కింద నాలుగు బొప్పాయి ఆకులో, కోసిపారేసిన క్యాబేజీ ఆకులో పరిచి, పొద్దున్నే సంచి తిరగేస్తే రాత్రంతా తిరిగిన నత్తలన్నీ అక్కడే గుమిగూడి ఉంటాయి. ఏరి బకెట్టులో వేయడమే. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కోండి. ఎలుకల ఊపిరితిత్తుల్లో పెరిగే ఒక పురుగు పిల్లలు నత్తల ఒంట్లో బతుకుతాయి, అవి మనిషికి చేరితే మెదడు పొరలకు వాపు తెస్తాయి. తోటకూర, కొత్తిమీర ఎందుకు మూడు నీళ్లలో కడగాలో పిల్లలడిగితే చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు. కుండీల అడుగులూ వారానికోసారి చూడండి: మట్టిలో ముత్యాల్లా, గుత్తిగా కనిపించేవి గుడ్లు. వాటినీ అదే బకెట్టులోకి.