లెక్కలోకి రాని లెక్క

రాప్తాడు ఇవాళ అనంతపురం జిల్లాలో ఉంది. 1882లో ఆ జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలోనిది. కాబట్టి ఇక్కడి పిల్లల లెక్కల చదువు చరిత్ర తెలియాలంటే బళ్లారి కాగితాలు విప్పాల్సిందే.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఊరిబడుల వివరాలు పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాళ్లలో ఆడపిల్లలు 60 మందే. ఇసుకలో వేలితో దిద్దించేవారు. భిన్నాలను పదుల్లో కాకుండా నాలుగుల్లో విడగొట్టేవారు: పావు, పావులో పావు వీసం. రోజుకు రెండుసార్లు పిల్లల్ని వరసగా నిలబెట్టి ఎక్కాలు, కొలతలు, తూనికలు వల్లె వేయించేవారు.

ఆ వరసలో మన పిల్లలు నిలబడ్డారా? పట్టికలో బ్రాహ్మణులు 1,187, వైశ్యులు 982, శూద్రులు 3,024, ముస్లింలు 243. మిగతా 1,205 మంది 'ఇతర కులాలు'. మాల, మాదిగలకు వేరే గడి లేదు. 1983లో ధరంపాల్ ఈ కాగితాలను అచ్చువేశాక, 'అప్పట్లో బడి అందరిదీ' అనే వాదన బలపడింది. ఎవరున్నారో చెప్పని గడి దానికి రుజువెట్లా అవుతుంది? లెక్కబెట్టినవాడు మనల్ని విడిగా లెక్కలోకి తీసుకోలేదు.

బడిలోకి అడుగుపెట్టాక మాత్రం? బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో టీచరు లెక్క చెయ్యమని అంబేడ్కర్‌ను బోర్డు దగ్గరికి పిలిస్తే, వెనకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని తోటిపిల్లలు ఉరికి తీసుకున్నారు. ఆ పిల్లవాడికి లెక్క రాదని కాదు గదా!

బడి లేనిచోట కూడా లెక్క ఉంది. కూలిగింజలు కొలిపించుకునే తల్లికి సేరంటే ఏమిటో, పావుసేరు తగ్గితే ఏమవుతుందో తెలుసు. ఇవాళ రాప్తాడులో తల్లి పక్కన కూర్చుని కూరగాయలమ్మే పిల్లను అడగండి: కిలో టమాటా 24 రూపాయలైతే మూడున్నర కిలోలెంత? 'మూడు ఇరవై నాలుగులు డెబ్బై రెండు, అరకిలోకి పన్నెండు, ఎనభై నాలుగు' అంటుంది. అదే 24ను 3.5తో గుణించమని పలక మీద రాసిస్తే చుక్క దగ్గర తడబడొచ్చు. 1985లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం బ్రెజిల్‌లోని రెసిఫేలో వీధుల్లో అమ్ముకునే అయిదుగురు పిల్లల్ని పరిశోధకులు పరీక్షించారు. బేరంలో 98 శాతం జవాబులు సరిపోయాయి. అవే లెక్కలు ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతమే.

రేపు టీచర్లయ్యే మిత్రులు ఆలోచించాలి. ఆ పిల్ల సగం చేసి కలిపింది; అది అంచనా కాదు, గణితమే. తప్పు అని గీత కొట్టేముందు 'ఎట్లా చేసినావమ్మా?' అని ఒక్కమాట అడగండి. అక్కణ్ణించి దశాంశానికి తీసుకెళ్లండి. దశాంశం ఆ పిల్లకి అక్కర్లేదని ఎవరూ అనడం లేదు. 'వాడపిల్లలకు లెక్కలు రావు' అనే మాటే ఇంక చాలు.