పరదేశి మనస్సు ఎరిగినవారు

పరదేశిని బాధింపరాదను ఆజ్ఞ మోషే ధర్మశాస్త్రములో పలుమారులు కనబడును. అది 36 చోట్ల ఈ సంగతి హెచ్చరించుచున్నదని తాల్ముదులో రబ్బీ ఎలియెజెరు లెక్క చెప్పెను. 46 అని చెప్పినవారును కలరు. ఇన్నిసార్లు చెప్పవలసివచ్చెననగా, ఇది నరుడు సులభముగా మరచిపోవు ఆజ్ఞయని తెలియుచున్నది.

ఆజ్ఞకంటె దానికి చూపబడిన కారణము ఎక్కువగా గమనింపదగినది. పరదేశి యోగ్యుడనిగాని, వానివలన మేలు కలుగుననిగాని అక్కడ చెప్పబడలేదు. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో పరదేశులై కష్టపడినందున, అట్టివాని మనస్సు ఎట్టిదో వారికి తెలియునని నిర్గమకాండము 23వ అధ్యాయము జ్ఞాపకము చేయుచున్నది. బాధపడినవాని జ్ఞాపకము రెండు త్రోవల పోగలదు. నాడు నన్నెవరు ఆదుకొనిరని అది కఠినపడవచ్చును. నావలె మరియొకడు ఏడువకూడదని కరగవచ్చును. ధర్మశాస్త్రము ఆ జ్ఞాపకమును దాని యిష్టమునకు విడువక దయవైపు త్రిప్పుచున్నది.

ఆ దయ వట్టి మాట కాదు. పొలము అంచులను పూర్తిగా కోయరాదు. మరచిన పనకొరకు వెనుకకు పోరాదు. అది పరదేశికిని, తండ్రిలేనివానికిని, విధవరాలికిని చెందినది. మోయాబీయురాలైన రూతు బోయజు పొలములో పరిగె ఏరుకొనినది ఈ హక్కును బట్టియే. దావీదు రాజు ఆమె వంశమున పుట్టినవాడే.

తరువాతి యుగములలో యూదులే దేశదేశముల పరదేశులైరి. 1881లో రష్యా సామ్రాజ్యమున అల్లరిమూకలు యూదుల యిండ్లమీద పడినప్పుడు అనేకులు అమెరికాకు పారిపోయిరి. న్యూయార్కులోని యూదులు అట్టివారికొరకు వలసదారుల సహాయ సంఘమును స్థాపించిరి. 1975 తరువాత, యూదులు కాని వియత్నాము శరణార్థులకును ఆ సంఘము నివాసములు కుదిర్చెను.

అయితే తలుపులు మూయబడిన దినములును కలవు. 1939 మే 13న సెయింట్ లూయిస్ అను ఓడ 937 మంది ప్రయాణికులతో హాంబుర్గు రేవును విడిచెను. వారిలో దాదాపు అందరును హిట్లరు పాలననుండి పారిపోవుచున్న యూదులే. క్యూబాలోని హవానాలో 28 మందిని మాత్రమే దిగనిచ్చిరి. ఓడ ఫ్లోరిడా తీరమున దీపములు కనబడునంత చేరువకు వచ్చినను అమెరికా వారిని పిలువలేదు, కెనడాయు చేర్చుకొనలేదు. వారు ఐరోపాకు మరలిరి. బ్రిటను, ఫ్రాన్సు, బెల్జియము, హాలండు వారిని పంచుకొనెను. వారిలో 254 మంది నాజీల మారణకాండలో నశించిరి. చదువరీ, ఆ తలుపులు మూసినవి క్రైస్తవ దేశములని పేరుపొందినవే.

38 ఏండ్లు గడచెను. 1977 జూన్‌లో యువాలి అను ఇశ్రాయేలు సరకుల ఓడ నడిసముద్రమున ఒక పడవను చూచెను. 66 మంది వియత్నామీయులు, ఆహారమును మంచినీరును అయిపోయి, అందులో చావునకు సిద్ధముగా నుండిరి. అంతకుముందు ఆ త్రోవను పోయిన ఓడలు ఆగలేదు. యువాలి వారిని ఎక్కించుకొనెను. అదే నెలలో ప్రధానమంత్రియైన మెనాహెం బెగిన్, వారికి ప్రవేశమిచ్చుటను తన మొదటి కార్యముగా చేసెను. ఆయన తలిదండ్రులును అన్నయు నాజీలచేత చంపబడినవారు. ఏ రేవును చేర్చుకొనక సముద్రములపై తిరుగాడిన యూదుల ఓడలను జ్ఞాపకము చేసికొనియే అట్లు చేసితినని ఆయన చెప్పెను. మరి రెండేండ్లలో అట్టి శరణార్థులు సుమారు 360 మంది ఆ దేశము చేరిరి.

అయినను సత్యమును సగము చెప్పరాదు. 1948 నాటి యుద్ధములో ఏడు లక్షలకు పైగా పాలస్తీనా అరబ్బులు ఇండ్లు పోగొట్టుకొని శరణార్థులైరి. వారి సమస్య నేటికిని తీరలేదు. శ్రమ జ్ఞాపకమున్నంత మాత్రమున దయ దానంతట అదే పుట్టదు. అందుకే ఆ జ్ఞాపకము ఆజ్ఞగా మారవలసివచ్చెను, అన్నిసార్లు చెప్పబడవలసివచ్చెను.

ఈ ధర్మశాస్త్రము దానిని మొదట పొందిన జనమును పరీక్షించును. దానిని పరిశుద్ధ గ్రంథమని చేత పట్టుకొను మనలను అంతకు తక్కువగా పరీక్షింపదు. ఊరు విడిచి, భాష తెలియక, చేతిలో మూటతో వాకిట నిలిచినవానిని చూచినప్పుడు, వీడెవడని అడుగుటకు ముందు, మనమును మన పెద్దలును ఏ వాకిట అట్లు నిలిచితిమో జ్ఞప్తికి తెచ్చుకొందము. తలుపు తీయుటకు చేయి అక్కడనుండియే కదలవలెను.