హల్స్-టేలర్ జంట పల్సార్

శ్రవణా నక్షత్రం ఉన్న గరుడ మండలంలో, సుమారు 21 వేల కాంతి సంవత్సరాల దూరాన, పరస్పరం పరిభ్రమిస్తున్న రెండు న్యూట్రాన్ తారల జంట ఇది. శాస్త్రీయ నామం పీఎస్ఆర్ బి1913+16. జంట తారల్లో బయటపడ్డ మొట్టమొదటి పల్సార్ ఇందులోనే ఉంది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రస్సెల్ హల్స్, ఆయన గురువు జోసెఫ్ టేలర్ 1974లో ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపుతో దీన్ని కనుగొన్నారు.

ఈ పల్సార్ 59 మిల్లీసెకన్లకొక ఆత్మభ్రమణం చేస్తుంది. ప్రతిసారీ దాని రేడియో పుంజం భూమిని తాకుతుంది; అదే ఒక స్పందన. పల్సార్ల లయ చెక్కుచెదరదంటారు. దీని లయ మాత్రం నిలకడగా లేదు. లోపం తన కంప్యూటర్ ప్రోగ్రాములో ఉందేమోనని హల్స్ మొదట అనుమానించారు. సెప్టెంబరు 1, 2 తేదీల్లో మళ్లీ కొలిస్తే, లయ మార్పును చూపే రెండు రోజుల గీతలూ ఒకేలా వచ్చాయి. రెండోది 45 నిమిషాలు ముందుగా మొదలైంది. పరికరం తప్పు ఇంత క్రమంగా పునరావృతం కాదు. పల్సార్ మనవైపు వస్తుంటే స్పందనలు దగ్గరపడుతున్నాయి, దూరంగా వెళ్తుంటే వాటి మధ్య ఎడం పెరుగుతోంది. కక్ష్యాకాలం 7 గంటల 45 నిమిషాలు. మూడు చుట్లకు 23 గంటల 15 నిమిషాలు పడుతుంది కనుకే రోజుకు ఆ 45 నిమిషాల తేడా.

విడి స్పందన చాలా బలహీనం. అందుకని వేలాది స్పందనలను ఒకదానిపై ఒకటి పేర్చి, సగటు రూపం భూమిని చేరిన వేళను అణు గడియారంతో నమోదు చేస్తారు. భూమి కదలిక వల్ల వచ్చే తేడాను లెక్కగట్టి తీసేస్తే, మిగిలిన హెచ్చుతగ్గుల్లో కక్ష్య ఆకారం బయటపడుతుంది. ఇది బాగా సాగిన దీర్ఘవృత్తం, ఉత్కేంద్రత 0.617. దాని సమీప బిందువు ఏటా 4.2 డిగ్రీలు జరుగుతోంది. సాపేక్షత వల్ల బుధుడి కక్ష్య ఒక శతాబ్దంలో జరిగేంత దూరం ఇక్కడ దాదాపు ఒక్క రోజులో జరుగుతుంది! ఈ కొలతలకు గురుత్వం వల్ల కాలం మందగించడాన్ని కూడా జోడిస్తే ద్రవ్యరాశులు విడివిడిగా తేలాయి: పల్సార్‌ది సూర్యుడికి 1.44 రెట్లు, సహచరిది 1.39 రెట్లు. ఆ సహచరి నుంచి ఇంతవరకు ఒక్క స్పందన కూడా అందలేదు.

అన్నిటికన్నా గొప్ప ఫలితానికి ఏళ్ల తరబడి ఓపిక కావలసి వచ్చింది. కక్ష్యాకాలం ఏటా 76 మైక్రోసెకన్ల చొప్పున తగ్గుతోంది. గురుత్వ తరంగాలుగా శక్తి పోతే ఎంత తగ్గాలని ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెబుతుందో, 0.2 శాతం లోపు తేడాతో అంతే తగ్గింది. హల్స్, టేలర్‌లకు 1993లో భౌతికశాస్త్ర నోబెల్ లభించింది. 2015లో లైగో పరిశోధనశాల నేరుగా పట్టుకునే దాకా గురుత్వ తరంగాలకు అత్యంత బలమైన సాక్ష్యం ఈ పల్సారే.