అందరి తోట

పార్కు అనగానే మనకు నాలుగు పూలమొక్కలూ, ఓ సిమెంటు బెంచీ, పల్లీల పొట్లం గుర్తొస్తాయి. కాని ఇంగ్లండులో ఆ మాటకు మొదటి అర్థం వేరు. రాజులూ ప్రభువులూ వేటకోసం లేళ్ళను పెంచుకుంటూ, చుట్టూ కంచె వేయించుకున్న అడవి అది. అంటే, జనాన్ని రానివ్వని చోటన్నమాట! లండన్‌లోని హైడ్ పార్కు 1536లో ఎనిమిదో హెన్రీ తీసుకున్న వేటభూమే. 1637లో గాని మామూలు జనానికి దాని గేటు తెరవలేదు.

జనం డబ్బుతో, జనం కోసమే తోట వేయడానికి ఇంకో రెండొందల ఏళ్ళు పట్టింది. లివర్‌పూల్ అవతలి ఒడ్డున బర్కెన్‌హెడ్ పార్కును 1847లో తెరిచారు. 1850లో దాన్ని చూసిన ఓమ్‌స్టెడ్ అనే అమెరికా ఆయన, పేదవాళ్ళు కూడా ధనికులతో సమానంగా తిరుగుతున్నారని ముచ్చటపడిపోయాడు. తరవాత న్యూయార్కు సెంట్రల్ పార్కుకు నమూనా గీసిన ఇద్దరిలో ఆయన ఒకడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పార్కు స్థలంకోసం సొంత ఇళ్ళు కట్టుకున్న నల్లవాళ్ళ పేటనొకదాన్ని ఖాళీ చేయించారు. అందరి తోటకూ ఎవరో ఒకరు మూల్యం చెల్లించారన్నమాట.

మన హైదరాబాదుకు తోటల కొదవేముంది? బషీర్‌బాగ్, జాంబాగ్, కుందన్‌బాగ్... తోటలు పోయి పేర్లు మిగిలాయి! నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్ మాత్రం నిలిచింది. దాని పాతపేరు బాగే ఆమ్, అంటే అందరి తోట. ఇక నిజాం వంశీకుల చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవి 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనం అయింది. అచ్చం హైడ్ పార్కు కథే!

నేనుండే రాయదుర్గంలో, ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్ళిచ్చిన దుర్గం చెరువుంది. 2020లో దానిమీద తీగల వంతెన కట్టారు. చుట్టూ అద్దాల మేడలు. వాటి ఆవరణల్లోనూ పచ్చిక బయళ్ళున్నాయి గాని, మెళ్ళో కార్డు ఉంటేనే లోపలికి రానిస్తారు. కంచె మళ్ళీ వచ్చిందన్నమాట.

మనవల్ని పెంచిపెట్టడానికి ఊళ్ళనుంచి వచ్చిన అమ్మలూ అత్తగార్లూ ఈ మేడల మధ్య ఎందరో! వాళ్ళకు పక్కవాటా వాళ్ళ పేరైనా తెలియదు. సాయంత్రంపూట చెరువు ఒడ్డున కాసేపు కూర్చుంటే, పక్కనున్న పెద్దావిడ "మీదే ఊరమ్మా?" అని పలకరిస్తుంది. ఆ పలకరింపుకోసం కాఫీ కొనక్కర్లేదు, కార్డు చూపించక్కర్లేదు. కొత్త మేడ లేచినప్పుడల్లా ఎన్ని అంతస్తులని అడుగుతాం. ఇకనుంచి, అందరూ కూర్చునే బెంచీలు ఎన్ని వేశారని కూడా అడుగుదాం.