శీతకాలపు దివిటీ పూవు

నీలగిరులలోని కూనూరున మార్గశిర పుష్యమాసములందు చలి ముదిరిన కొలది తోటలలో పూవులు పలుచబడును. అట్టి దినములలో మా వాకిట నిలువెత్తు కాడలపై నిప్పుకణికల వంటి గుత్తులు కనుల పండువుగా నిలిచి యుండెడివి. త్రోవను పోవువారు ఆగి, “ఇదేమి పూవండీ?” అని యడుగక పోయెడివారు కారు. తెలుగున దీనికి పేరు వినియుండమిచే మేము దివిటీ పూవని పిలుచుకొంటిమి. ఆంగ్లేయులు దీనిని రెడ్ హాట్ పోకర్ అందురు. అనగా పొయ్యిలో నిప్పు నెగదోయగా ఎఱ్ఱగా కాలిన ఇనుపచువ్వ యని యర్థము. జర్మనులు కూడ దీనిని దివిటీ లిల్లీ యనియే పిలుతురని పిమ్మట తెలిసి సంతసించితిమి.

ఈ గుత్తిలో క్రింది పూవులు ముందుగా విచ్చి పసుపు వన్నెకు తిరుగును. పై మొగ్గలు ఎఱ్ఱగనే యుండును. పసుపు కుంకుమలు ఒక్క కాడపై నిలిచినట్లుండుటచే మా గృహిణికి ఈ మొక్కపై మక్కువ మెండు.

దీని పుట్టినిల్లు ఆఫ్రికా. సుమారు 70 జాతులు గలవు. వానిలో పెక్కు దక్షిణాఫ్రికాకు చెందినవే. లినేయసు పండితుడు తానెఱిగిన దానిని కలబందలలో చేర్చెను. 1794లో మోయెంఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వేరు చేసి, ఎర్ఫర్టు నగరపు ఆచార్యుడు క్నిఫోఫ్ (1704–1763) పేర క్నిఫోఫియా యని నామకరణము చేసెను. ఈ క్నిఫోఫ్ మొక్కలకే సిరా పూసి, కాగితముపై నద్ది, వాని ప్రతిరూపములను గ్రంథముగా వెలువరించెను. సిరాతో జీవితము గడిపిన మావంటి గుమాస్తాలకు ఈ సంగతి ముచ్చట గొల్పును.

చలికాలమున పూచు జాతులలో రూపెరీ యనునది ప్రసిద్ధము. 19వ శతాబ్ది మధ్యకాలమున దక్షిణాఫ్రికా తూర్పుతీరమున నుండిన కెప్టెన్ రూపర్ అను ఆంగ్ల సైనికోద్యోగి పేర దీనికి ఆ నామము గలిగెను. అచ్చటి తడినేలలు మొదలుకొని నటాల్ వఱకు ఇది సహజముగా పెరుగును.

నటాల్ అనగానే తెలుగువారి గుండె కొంత కదలవలెను. 1860 అక్టోబరులో ట్రూరో యను ఓడ చెన్నపట్టణము విడిచి, నవంబరు 16వ తేదీన 342 మందితో నటాల్ రేవు చేరెను. అది మొదలు 1911 వఱకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా అచ్చటికి పోయిరి. వారిలో తెలుగువారు వేలకొలది. చెఱకుతోటలలో చెమటోడ్చిన ఆ కుటుంబములవారు 1931లో అచ్చట ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భాషను నిలుపుకొన యత్నించిరి. వారు ఈ పూవును మన దేశమునకు తెచ్చిరని మేము చెప్పుట లేదు. మన వారు కాలు మోపిన సీమ దీని పుట్టినిల్లని మాత్రమే మా మనవి.

అచ్చటి చలికాలము జూన్, జూలై నెలలు. మనకు డిసెంబరు, జనవరి. ఈ మొక్క పుట్టినింటి పంచాంగమును విడిచి, నిలిచిన చోటి చలిని బట్టి పూచును. వన్నె మాత్రము మార్చుకొనదు.

పెంపకము కష్టము కాదు. ఎండ తగులు చోట, నీరు నిలువని నేలలో రెండడుగుల ఎడముగా నాటవలెను. పెరుగు కాలమున తడి యారనీయరాదు. వాడిన కాడలను మొదట కోయవలెను. విత్తనముల వలన తల్లిని పోలిన మొక్క వచ్చునని నమ్మరాదు. దుబ్బును చీల్చి, వేరు గల పిలకలను నాటుటయే మేలు.

అట్టి పిలకలను మేమెవరికిని ఈయలేదు. ఊరంతయు పూచినచో మన వాకిటికి విలువ యేమని లోభించితిమి. ఉద్యోగము విరమించిన యేడు తీరిక కలిగి, అతిశ్రద్ధతో పచ్చిపేడను దుబ్బు మొదట కుప్పగా పోసితిమి. ఈశాన్య ఋతుపవనపు వానలకు నీరు నిలిచి దుబ్బంతయు కుళ్లిపోయెను. పదునేడేండ్ల మొక్క! మేము దిగులుపడి కూర్చుండగా మా గృహిణి, “ఏమండీ, పక్కింటి అక్కగారి దొడ్డిలో చూడండి” అనెను. మాకు తెలియకుండ ఆమె ఏనాడో ఒక పిలకను ఆ తమిళ సోదరికి ఇచ్చినదట. ఆ దుబ్బు నుండియే మరల మా వాకిటికి మొక్క వచ్చినది.

నాడు మాకు మఱియొక లోభము కూడ జ్ఞప్తికి వచ్చెను. కొన్నియేండ్ల క్రిందట ఊరి తెలుగు పెద్దలు, “ఆదివారములు పిల్లలకు అక్షరములు చెప్పుడు” అని కోరగా, మా ఇంట తెలుగు భద్రముగ నున్నదను ధీమాతో తీరిక లేదంటిమి. నేడు మా మనుమలు తెలుగు మాట్లాడుదురు గాని చదువలేరు. ఈ వ్యాసమును వారికి మేమే చదివి వినిపింపవలెను.

ఇప్పుడు మా దుబ్బు మరల పిలకలు వేసినది. చల్లని యూళ్ల సోదరులెవ్వరు కోరినను ఇచ్చెదము. ఆదివారము ఉదయము మా వసారాలో పలకలు కూడ సిద్ధముగా నున్నవి. ప్రస్తుతము వచ్చువారు నలుగురు. అందు ఇరువురు మా మనుమలే.